మా ఆవిడ పర్లేదు

నేను బట్టలు కుడతాను. మా ఆవిడ ఆడపిల్లల బడిలో బాస్కెట్‌బాల్ నేర్పుతుంది. పదకొండేళ్లుగా నేను కుట్టిన చొక్కాలు ఎవరికో ఒకరికి సరిపోతూనే ఉన్నాయి గానీ, ఆవిడ జట్టు మాత్రం ఇప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఏటా బడుల పోటీలకు వెళ్లడం, మొదటి మ్యాచ్‌లోనే ఓడడం, భోజనాల వేళకల్లా ఇంటికి చేరడం. పోయినేడు ముప్ఫై ఒక్క పాయింట్ల తేడాతో ఓడారు. ఆ రోజు ఆవిడ కూనిరాగం తీస్తూ గుమ్మంలోకి వచ్చింది. గెలిచారేమోనని మిషను ఆపి లేచి నిలబడ్డాను. "అంతకు ముందేడు నలభై నాలుగండీ" అంది, మొహం ఇంత చేసుకుని. మళ్లీ కూర్చుని మిషను తొక్కాను.

ఆవిడకి నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఉండే తేడా అంటే పిచ్చి. నేను గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్దబిళ్లలు ఎత్తుకుపోతుంది. కోర్టులో రింగుకి దగ్గరగా ఒక గీత గీస్తుంది. అక్కణ్ణుంచి పదిసార్లు వేస్తే ఏడుసార్లు బంతి రింగులో పడాలి. పడితే మర్నాడు ఆ గీత ఒక పాదం వెనక్కి జరుగుతుంది. పడకపోతే అక్కడే ఉంటుంది. జట్టులో తొమ్మిది మంది పిల్లలు, ఎవరి గీత వాళ్లదే. ఒకసారి అడిగాను, ఇలా పాదం పాదం జరుపుకుంటూ పోతే విసుగు రాదా అని. విసుగెందుకు, రోజూ ఎవరో ఒకరి గీత జరుగుతూనే ఉంటుంది కదా అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. చూసినవాడు మిగిలిన సుద్దబిళ్లలు కూడా ఇచ్చేస్తాడు. నేను ఇచ్చాను.

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ఇంకొంచెం మేడమ్. మోచెయ్యి ఇంకొంచెం లోపలికి, మోకాలు ఇంకొంచెం వంచు, పాస్ ఇంకొంచెం ముందు. ఇంట్లోనూ అదే వరస. నేను దుప్పటి మడతపెడితే దూరం నుంచి ఓ కన్నేసి, మూలలు నిన్నటికన్నా కలిశాయి, ఇంకొంచెం కలవాలి అంటుంది. పెళ్లాం చేత దుప్పట్లు మడతపెట్టడంలో కోచింగ్ తీసుకుంటున్న మగాణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే.

ఇక మెచ్చుకోలు సంగతి. బాగుంది అనే మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఆవిడ నోటి నుంచి వచ్చే అతిపెద్ద మెప్పు, పర్లేదు. అది మామూలు పర్లేదు కాదు. ఓ క్షణం ఆగి, గడ్డం కొద్దిగా పైకెత్తి, గొంతు తగ్గించి అంటుంది. పాత పిల్లలకి దాని విలువ తెలుసు. అందరూ పెద్దక్క అని పిలిచే కెప్టెన్‌కి మూడేళ్లలో నాలుగు పర్లేదులు దక్కాయి. ఎప్పుడెప్పుడు దక్కాయో తేదీలతో సహా చెబుతుంది.

ఈ ఏడు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. లెక్కల మనిషి. వచ్చిన వారానికే మా ఆవిణ్ణి పిలిచి, పదకొండేళ్లు, గెలుపులు సున్నా, సున్నాని ఎంతతో భాగించినా సున్నానే వస్తుంది మేడమ్ అన్నాడట. పక్క ఊళ్లో కప్పులు తెచ్చే కోచ్ ఒకాయన ఉన్నాడు, ఆయన రావడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈసారి ఒక్క మ్యాచ్ గెలిస్తే సాయంత్రాలు కోర్టు మా ఆవిడదే. గెలవకపోతే ఆయనది. మా ఆవిడ పగలు పిల్లల చేత డ్రిల్లు చేయించుకోవచ్చు, అంతే.

ఆ కబురు చెప్పి ఆవిడ ఏడవలేదు. కాసేపు నా మిషను పక్కన కూర్చుని కత్తిరింపు ముక్కలన్నీ రంగుల వారీగా వేరుచేసింది. నేను పన్నెండేళ్ల కాపురంలో ఆవిణ్ణి అలా చూడలేదు. కోర్టు పోతే ఈవిడ ఏమైపోతుందోనని నాకు గుండెల్లో రాయి పడింది. మర్నాడు మాత్రం మామూలుగానే సుద్దబిళ్లలు ఎత్తుకుపోయింది.

ఆశంతా ఈ ఏడే చేరిన ఒక కొత్తపిల్ల మీద ఉంది. మణికట్టు ఎంత మెత్తగా తిరుగుతుందంటే బంతి రింగుకి తగలకుండా దిగుతుందట. చిక్కల్లా ఏమిటంటే ఆ పిల్ల గీత జరగడం లేదు. ఒకరోజు పదికి ఏడు వేస్తుంది. మర్నాడు నిలబడే తీరు, బంతి పట్టుకునే తీరు అంతా మార్చేసుకుని వస్తుంది, మూడు పడతాయి. మా ఆవిడ ఓపిగ్గా సరిదిద్దుతుంది. మళ్లీ ఏడు. మర్నాడు మళ్లీ కొత్త అవతారం. మా ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. బాగా వేసినప్పుడల్లా మార్చేస్తుందేంటండీ, బాగా వేయనప్పుడు కదా మార్చాలి అని నన్నడిగింది. నాకేం తెలుసు, నాకు కాజాలు కుట్టడం తెలుసు.

తెలిసింది మాత్రం నా దగ్గరే. పోటీలకి నెల ముందు జెర్సీల కొలతలివ్వడానికి పిల్లలంతా మా కొట్టుకి వచ్చారు. అందరూ వెళ్లాక కొత్తపిల్ల మిగిలింది. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని భుజం కొలుస్తుంటే, వీపు మీద నంబరు ఇప్పుడే కుట్టొద్దు బాబాయ్ అంది. ఎందుకమ్మా అన్నాను, సూదుల సందులోంచి.

"నన్ను తీసేస్తారు బాబాయ్. మేడమ్‌కి నా మీద ఆశ పోయింది. అందరినీ మోచెయ్యి, మోకాలు అని తిడతారు. నన్ను మాత్రం తిట్టరు. పర్లేదు, పర్లేదు అని ఓదారుస్తారు."

ఒక సూది మింగాననే అనుకున్నాను. లెక్కపెట్టుకుంటే అన్నీ ఉన్నాయి.

విషయం బోధపడింది. ఈ పిల్ల పాపం పర్లేదు అంటే పోనీలే అనుకుంటోంది. కిందపడ్డ పిల్లల్ని లేపి పర్లేదులే అంటామే, ఆ పర్లేదు. ఒళ్లొంచి ఏడు బంతులు వేస్తే మేడమ్ వచ్చి గొంతు తగ్గించి మరీ పోనీలే అంటోందని, అది తప్పు కాబోలని, ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి తీరంతా మార్చుకుని వస్తోంది. పెద్దక్క మూడేళ్లలో నాలుగు సంపాదించుకున్న బిరుదుని ఈ పిల్ల నెలలో ఆరుసార్లు అందుకుని ఆరుసార్లూ బెంగపెట్టుకుంది. సూదులు తీసి పక్కన పెట్టి అసలు సంగతి విడమరిచి చెప్పాను. అంతా విని, మీరు కూడా ఓదారుస్తున్నారు బాబాయ్ అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆవిడ ఇంటికి రాగానే చెవిన వేశాను. చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అయితే నేనే చెడగొట్టానన్నమాట అంది. అందులో అంత ఇదైపోవడానికేం ఉంది, ఆ పిల్లకి అర్థమయ్యేలా ఒక్కసారి బాగుంది అని చెప్పు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎందుకని అడిగితే నీళ్లు నమిలి అప్పుడు చెప్పింది.

"నాకు పద్నాలుగేళ్లప్పుడు మా కోచ్ నా షాట్ చూసి చాలా బాగుందన్నాడండీ. ఆ రోజు నుంచి దాని జోలికి పోలేదు. బాగున్నదాన్ని ఏం ముట్టుకుంటాం? నాకు ముప్ఫై ఎనిమిదొచ్చాయి, నా షాట్‌కి ఇంకా పద్నాలుగే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. అదే ఊపులో ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న ప్రశ్న కూడా అడిగేశాను. మన సంబంధం మాట్లాడినప్పుడు అబ్బాయి ఎలా ఉన్నాడని పెద్దవాళ్లడిగితే పర్లేదు అన్నావట, అది ఏ పర్లేదు అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ రోజు మామూలు పర్లేదేనండీ. ఇప్పుడైతే నా పర్లేదు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట రెండు చొక్కాలకి బొత్తాలు తప్పు వరసలో కుట్టాను.

మర్నాటి నుంచి కోచింగ్ మొదలైంది, ఈసారి కోచ్‌ని నేను. బాగుంది అనడం ఆవిడకి నేర్పాలి. పిల్లల మీద ఒక్కసారిగా రాదు కాబట్టి ముందు సామాన్లతో మొదలుపెట్టించాను. ఈ దిండు బాగుంది అను. "ఈ దిండు బాగుంది గానీ ఒకవైపు…" మళ్లీ అను. "ఈ కుర్చీ బాగుంది, కాకపోతే వెనక కాలు…" ఆవిడ నోట్లో బాగుంది వెనకే కానీ కూడా తోకలా వేలాడుతూ వస్తోంది. దాన్ని ఒక్కరోజులో కొయ్యలేం. అందుకని ఆవిడ పద్ధతే పట్టాను. బాగుందికీ కానీకీ మధ్య ఎంతసేపు ఆగగలదో గోడ గడియారం చూసి చెప్పేవాణ్ణి. మొదటిరోజు అసలు సందే లేదు. మూడోరోజుకి నాలుగు సెకన్లు వచ్చింది. ఇంకొంచెం అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకి కుర్చీ కాలు విరగాలి. తొమ్మిదోరోజున నేను కుట్టిన జెర్సీ ఎత్తి చూసి "బాగుంది" అంది. పెదవులు బిగబట్టి గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గేటు దగ్గరికి నడిచింది. గేటు దగ్గర్నుంచి వినిపించింది, "ఎడమ చంక దగ్గర కొంచెం లాగుతోంది" అని. పంతొమ్మిది సెకన్లు.

"పర్లేదు" అన్నాను.

కోర్టులో మాత్రం పప్పులుడకలేదు. కొత్తపిల్ల ఏడు వేసినప్పుడల్లా ఆవిడ ఊపిరి పీల్చుకుని "బా…" అని మొదలుపెట్టేదట, ఆ పిల్ల కళ్లు పైకెత్తగానే "బాల్ అటు పెట్టు" అని ముగించేదట. పర్లేదు అనడం కూడా మానేసింది. పర్లేదూ లేక, బాగుందీ లేక ఆ పిల్ల ఏం చేస్తోందో తనకే తెలియకుండా తయారైంది. పోటీల ముందురోజు మా ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. రేపు ఆ పిల్ల నిజంగా బాగా వేస్తుంది, అప్పుడు చెబుతాను, తోక లేకుండా. నేనూ సరేనన్నాను. ఇక్కడే ఇద్దరం గోతిలో పడ్డాం.

మ్యాచ్ వేరే బడి కోర్టులో, పొద్దున పదింటికి. హెడ్మాస్టరు మా వ్యాన్‌లోనే వచ్చి ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. జెర్సీలు చిరిగితే కుట్టడానికి సూదీ దారంతో నేనూ వెళ్లాను. అవతలి జట్టు పిల్లలు ఒక్కొక్కరూ తలుపంత ఉన్నారు. మనవాళ్లు వాళ్ల మోచేతుల కిందనుంచి దూరి ఆడారు. ఏమాటకామాటే చెప్పాలి, నాకు ఆట పెద్దగా తెలియకపోయినా ఆ పదకొండేళ్ల సుద్దబిళ్లలు ఎక్కడికి పోయాయో ఆ రోజు కళ్లారా చూశాను. ఎవరి గీత దాకా వాళ్లు వచ్చి అక్కడినుంచే వేస్తున్నారు, పడుతున్నాయి. నాలుగు భాగాల ఆటలో మూడోది సగమయ్యేసరికి మన జట్టు ఇరవై ఏడు, వాళ్లు ఇరవై నాలుగు. హెడ్మాస్టరు చాపిన కాళ్లు లోపలికి తీసుకున్నాడు.

అప్పుడు కొత్తపిల్లకి ఎడమ మూలలో బంతి దొరికింది. ఏమీ మార్చుకోలేదు, మార్చుకునే టైము లేదు. మోకాలు వంచి లేచి వేసింది. బంతి వలలోంచి జారి కిందపడింది. ఇరవై తొమ్మిది. మా ఆవిడ బెంచీ మీంచి లేచి, కోర్టంతా వినబడేలా అంది.

"బాగుంది."

తోక లేదు. నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. పది, పదిహేను, ఇరవై. ఆ కానీ రాలేదు. నాకు గంతెయ్యాలనిపించింది. అంతలో కోర్టువైపు చూశాను.

పెద్దక్క బిక్కచచ్చి నిలబడిపోయింది. అవతలి పిల్ల ఆమె పక్కనుంచే దర్జాగా వెళ్లి బంతి వేసింది. తర్వాత పెద్దక్క చేతికి బంతి వచ్చింది గానీ ఆమె మేడమ్ వైపే చూస్తోంది, వాళ్లు లాక్కుపోయి మళ్లీ వేశారు. ఇంకో పిల్ల పాస్ అందుకోకుండా పక్కపిల్లని ఏమందే, ఏమందే అని అడుగుతోంది, బంతి ఆమె చెవి పక్కనుంచి పోయింది. కొత్తపిల్ల మూలలోంచి కదలనే లేదు. నిమిషంలో ఆరు పాయింట్లు పోయాయి. మా ఆవిడ టైమౌట్ అడిగింది.

పిల్లలు చుట్టూ మూగారు. పెద్దక్క కళ్లమ్మట నీళ్లు. "మమ్మల్ని వదిలేసి వెళ్లిపోతున్నారా మేడమ్?" అంది. ఎవరు చెప్పారంటే, మీరే కదా ఇప్పుడే బాగుంది అన్నారు, బాగుంది అంటే ఇంక నేర్పడానికి ఏం లేదనేగా అంది.

మా ఆవిడ నావైపు చూసింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను. ఆ బాగుందికి కోచ్‌ని నేనే మరి.

"చాలా ఉంది నేర్పడానికి" అంది ఆవిడ. "నేను చచ్చేదాకా ఉంది. నాకు మీరంటే ఇష్టం. రోజూ కొంచెం కొంచెం మారుతుంటే చూడ్డం ఇంకా ఇష్టం. బాగుందంటే ఆగిపోతారేమోనని భయపడి ఇన్నేళ్లూ అనలేదు." తర్వాత కొత్తపిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది. "మొదట్లో నీకు పర్లేదు, పర్లేదు అన్నానే, అది బాగుంది అని. నువ్వు వేసేది బాగుంది. ఇంక మార్చకు."

"ఆరుసార్లు మార్చాను మేడమ్" అంది ఆ పిల్ల, నవ్వాలో ఏడవాలో తెలియక. ఈల మోగింది.

ఆ తర్వాత మనవాళ్లు ఆడింది చెప్పడానికి నాకు మాటలు చాలవు, నాకు వచ్చిందల్లా కుట్టుపని. కొత్తపిల్ల అయిదు వేసింది, అయిదూ ఒకేలా. చివర్లో పెద్దక్క వేసింది రింగు మీద రెండుసార్లు తిరిగి బయటకి దొర్లింది. నలభై ఒకటి, నలభై రెండు. ఒక్క పాయింటుతో ఓడారు.

హెడ్మాస్టరు వచ్చి మా ఆవిడతో బాగా దగ్గరికొచ్చారు మేడమ్ అన్నాడు. ఇంకేదో అనబోతుంటే ఆవిడే మాట మాటే సార్ అంది. వ్యాన్‌లో పిల్లలు వెనక సీట్లలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నేను ఆవిడ పక్కన కూర్చుని, తప్పంతా నాది, నా మాట విని చెడ్డావు అన్నాను. ఆరు పాయింట్లు పోయింది నా పాఠం వల్లే. ఆవిడ నా చెయ్యి నొక్కింది.

"మీది కాదండీ. ప్రాక్టీసులో చెయ్యనిది మ్యాచ్‌లో చెయ్యొద్దని రోజూ పిల్లలకి నేనే చెబుతాను. ముందే కోర్టులో అనేసి ఉంటే వాళ్లకి అలవాటయ్యేది. నా తప్పు."

అని సంచిలోంచి కాగితాలు తీసి ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. కోర్టు పోయింది కదా, ఇంకేం రాస్తావు అన్నాను. రేపొచ్చే కోచ్‌కి ఇవ్వాలిగా అంది, తలెత్తకుండా.

ముందు సీట్లో హెడ్మాస్టరు వింటున్నాడని నాకు తెలియదు. వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. ఆవిడ రాసినంతవరకు ఇచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. నేనూ వంగి చూశాను. కెప్టెన్: భయపడితే ఎడమ చెయ్యి మర్చిపోతుంది, అరవొద్దు, దగ్గరికెళ్లి నిలబడితే చాలు. రెండో అమ్మాయి: మొదట్లో పరిగెత్తితే ఆగడానికి ఆరడుగులు పట్టేది, ఇప్పుడు రెండు, ఒకటి కావాలి, వచ్చే ఏడాదికి అవుతుంది. మూడో అమ్మాయి: పొద్దున తినకుండా వస్తుంది, అడగండి, తనంతట చెప్పదు. అలా ఒక్కొక్కరికి అరపేజీ. నిన్న ఎక్కడున్నారు, ఇవాళ ఎక్కడున్నారు, రేపు ఎక్కడికి జరగాలి.

ఆయన మొదటి పేజీ రెండుసార్లు చదివాడు. వ్యాన్ రెండు మలుపులు తిరిగింది.

"ఇది రాయాలంటే కొత్తాయనకి ఎంతకాలం పడుతుంది మేడమ్?"

"రోజూ వస్తే పదకొండేళ్లు సార్."

హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. ఎంత లెక్కల మనిషైనా ఆ వేళ్లు ఒకచోట ఆగిపోవడం నేను చూశాను. తనకి రిటైర్మెంట్ ఇంకో ఆరేళ్లలోనే ఉందని, అన్నాళ్లు ఆగడం తనవల్ల కాదని, ఆ కప్పులాయనకి తానే ఫోన్ చేసి చెప్పుకుంటానని, సాయంత్రాలు కోర్టు ఆవిణ్ణే చూసుకోమని అన్నాడు. మాట తప్పుతున్నందుకు ఆయనకి కాస్త సిగ్గుగానే ఉన్నట్టుంది, మా మొహాలవైపు చూడలేదు.

మా ఆవిడ థాంక్స్ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. ఆయన భుజం మీదుగా చెయ్యి చాపింది.

"అయితే ఆ కాగితాలు ఇటివ్వండి సార్. తొమ్మిదో పిల్ల గురించి ఇంకా సగమే రాశాను."